ఒక్క కిక్కు పరువు

మా బావ మదన్‌మోహన్‌కు వాళ్ళ నాన్న వదిలిపోయిన పాత బుల్లెట్ అంటే ప్రాణం. ప్రాణమంటే తుడవడం వరకే. నడిపేది ఏడాదికొక్కసారి, దసరా నాడు. మిగతా రోజులన్నీ అది చిరాగ్‌పల్లి ఇంటి వసారాలో దుప్పటి కప్పుకొని పడుకునేది. మా అక్క బాలమణి మాత్రం ఎండనక వాననక అల్లం చేనుకు నడిచే పోయేది.

ఊరికే నిలబెడితే క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయని, వారానికోసారైనా రోడ్డెక్కించమని జహీరాబాద్ మెకానిక్ జహంగీర్ చాలాసార్లు చెప్పాడు.

"గేరెయ్యకముందు క్లచ్ పట్టి కిక్ కొట్టి సూడు పటేలా. కిక్ ఉత్తగ దిగితే ప్లేట్లు ఇడినట్టు. ఇంజన్ తిరిగితే అంటుకున్నట్టే."

బావకు అది నామోషీ. చుట్టాలంతా చూస్తుండగా ఉత్త కిక్కులు కొడితే బండి లేవలేదనుకుంటారట. ఒక్క కిక్కుకే లేవాలి, అంతే. ఆ పరువు మండిపోనూ!

ఆ దసరాకు బండికి బంతిపూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అక్క గోడ దగ్గర, బండికి ఎదురుగా నిలబడి హారతిచ్చింది. బండి ఒక్క కిక్కుకే లేచింది. ఆమె ఇంకా పక్కకు తప్పుకోలేదు. క్లచ్ పట్టే ఉన్నానన్న ధీమాతో బావ రేజ్ ఇచ్చి గేరేశాడు. అంటుకున్న ప్లేట్లు విడలేదు. బండి ఎగిరి దూకి, అక్క మోకాలిని గోడకు నలిపేసింది.

దవాఖానలో రాడ్లు వేశారు. రోజూ పట్టుకుని నడిపించాలి, మోకాలు వంచుతుండాలి, లేకపోతే అది బిగుసుకుపోతుందని డాక్టర్ బావకే చెప్పాడు. బావ బుద్ధిగా తలూపాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బావ ఇప్పుడు ప్రతి ఆదివారం బుల్లెట్ మీద రాయికోడ్ దాకా పోయొస్తున్నాడు. క్లచ్ పట్టి ఉత్త కిక్కులు కొట్టడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. అక్కకు చెయ్యందించడానికే తీరిక దొరకలేదు. నా సంసారం వదిలి నేనెన్ని రోజులని పోగలను? అల్లం తవ్వే నాటికి ఆ కాలు వంగడం మానేసింది.

మొన్న ఆదివారం నేను అక్కడే ఉన్నాను. బావ బండి తీస్తుంటే, అక్క మంచం మీది నుంచి పిలిచింది.

"బండిని తిప్పినట్టు నన్ను గూడ దినాం నాలుగడుగులు తిప్పితే, నా కాలు గిట్ల అయ్యేదా?"

బావ ఇంజన్ ఆపలేదు. ఇప్పుడే వస్తానని గేరేసి వెళ్ళిపోయాడు. బండి ఏ కుదుపూ లేకుండా కదిలింది. అక్క బయటికి తీసుకెళ్ళమంది. లేపి నిలబెట్టడానికి నా ఒక్కదాని బలం చాలలేదు.