తొడిమ దగ్గర పగులు

నేను ప్లంబర్ని. ఇరవై రెండేళ్ళుగా మా వీధిలో కారే కుళాయిలన్నీ నా చేతి మీదుగా ఆగినవే. అందుకే పక్కింటి నర్సక్క "నీళ్ళు తగ్గించు తమ్ముడూ" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. నీళ్ళ గురించి నాకు చెప్పొచ్చిందా ఈవిడ అనుకున్నాను.

ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. అప్పటినుంచీ పెరట్లో రాక్షసి గుమ్మడికాయలు పెంచుతోంది. మనిషెక్కి కూర్చుంటే కాళ్ళు నేలకు అందవు, అంతంత కాయలు. ఏటా జరిగే తూకం పోటీలో ఆవిడకు పెద్ద పేరు. నిరుడు వాళ్ళ వంటింటి పైపు బాగుచేసి వస్తుంటే ఒక గింజ నా చేతిలో పెట్టింది. బొటనవేలంత గింజ.

"నా పెద్ద కాయలోది. పెట్టి చూడు. నీకు ఓపికుంది" అంది.

నాకు ఓపికుందని అంతకుముందు ఎవరూ అనలేదు. మా ఆవిడైతే విని పగలబడి నవ్వింది.

తీగ పాకింది, నాలుగు పిందెలు పడ్డాయి. ఒకటుంచి మూడు తుంచేయమంది నర్సక్క. నాకు చేతులు రాలేదు. ఆవిడే గోడ దాటి వచ్చి, మూడింటినీ పుటుక్కున తుంచి నా దోసిట్లో పోసింది. మిగిలిన ఆ ఒక్క కాయకు ఎండ తగలకుండా కొత్త దుప్పటి కప్పాను.

"పెళ్ళయి ఇన్నేళ్ళయింది. నాకు ఎండ తగులుతుందని ఒక్కసారైనా గొడుగు పట్టారా?" అంది మా ఆవిడ.

రోజూ సాయంత్రం నర్సక్క టేపు తెచ్చి కాయ చుట్టుకొలత తీసేది. అంకె మా గోడ మీద సుద్దతో రాసేది. పోటీకి మూడు వారాలుందనగా తొక్క మీద వేలితో తట్టి, నీళ్ళు సగం చేయమంది. "తొక్క గట్టిపడింది. ఇక లోపల కండ ఊరితే పగుల్తుంది" అంది.

సరేనక్కా అన్నాను. ఆవిడ వెళ్ళగానే తీగకు నీళ్ళు పారే పైపు వాల్వు ఇంకో చుట్టు తెరిచాను. తన కాయను నా కాయ దాటిపోతుందని భయపడుతోందనుకున్నాను. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది.

తర్వాత వారం పెద్ద వాన కురిసి ఆవిడ కాయే పగిలింది. రెండొందల పది కిలోలు తూగుతుందని అందరూ అనుకున్న కాయ. లోపలి దాకా పగులు దిగితే పోటీకి పనికిరాదని నియమం. ఆవిడ అరగంటలో పోటీవాళ్ళకు ఫోన్ చేసి పేరు తీయించేసుకుంది. "పోనీలే, నీదైనా నిలబడింది. గింజ ఒకటేగా" అని నా కాయ మీద చెయ్యి వేసింది. నేనప్పుడైనా వాల్వు కట్టేయాల్సింది. కట్టలేదు.

పోటీ నాలుగు రోజులుందనగా పొద్దున్నే దుప్పటి తీశాను. తొడిమ పక్కన జానెడు పగులు. సన్నటి ఇనప తీగ పెట్టి చూస్తే సర్రున లోపలికి దిగిపోయింది.  లోపలికెళ్ళి నా పనిసంచీ తెచ్చుకున్నాను.

మా ప్లంబర్ల దగ్గర రెండు రంగుల ముద్దలు ఉంటాయి. కలిపి పిసికి లీకు మీద పెడితే గంటలో రాయిలా గట్టిపడతాయి. ఆ ముద్ద పగుల్లో కూరి, తడి వేలితో నున్నగా రాసి, పైన మట్టీ పసుపు రంగూ అద్దాను. ఇరవై రెండేళ్ళలో అంత శుభ్రంగా ఏ అతుకూ వేయలేదు.

చేతులు కడుక్కుంటుంటే మా ఆవిడ అడిగింది. "పొద్దున్నే ఎవరింట్లో లీకు?"

"మనింట్లోనే" అన్నాను.

సాయంత్రం నర్సక్క పోటీ కాగితం పట్టుకొచ్చింది. కాయకు పగుళ్ళు లేవని నేను సంతకం చేయాలి, సాక్షిగా ఇంకొకరు చేయాలి.  ఆవిడ దుప్పటి వైపు కూడా చూడలేదు.

"నేను చూసేదేముంది, రోజూ చూసేదేగా. పగుళ్ళేమైనా ఉన్నాయా?"

"లేవక్కా."

నాలుక కాస్తయినా తడబడలేదు. ఆవిడ కాగితాన్ని మా గోడకే ఆనించి, తను రాసిన అంకెల పక్కన, సంతకం పెట్టింది.

పోటీలో నా కాయ నూట అరవై నాలుగు కిలోలు తూగింది. రెండో స్థానంలో ఓ స్కూలు బస్సు డ్రైవరు కాయ, నూట అరవై ఒకటి. మొదటిసారి పెంచినవాడు గెలిచాడని జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నర్సక్కే. డ్రైవరు నవ్వుతూ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"మూడేళ్ళ నుంచి ఆ కప్పు మీద కన్నేశానండీ. మూడే మూడు కిలోల్లో కొట్టేశారు. గుమ్మడికాయల దొంగ మీరేనన్నమాట!"

నా చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. సామెతకు తగ్గట్టు వేషం వేశానని అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు మైకులో నర్సక్కను పిలిచారు. ఆవిడ పెద్ద కత్తితో వేదికెక్కింది. గెలిచిన కాయను విత్తనమిచ్చినవాళ్ళే కోసి, గింజలు పోటీదారులందరికీ పంచాలట. అది అక్కడి పద్ధతట. కొత్తవాణ్ణి, నాకెవరు చెప్పారు గనక? కప్పు పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఆవిడ తొడిమ దగ్గరే మొదలుపెట్టింది. కత్తి దిగి, టక్కున ఆగింది. రాయికి తగిలిన చప్పుడు. నాకు వినిపించింది, ఆవిడకు వినిపించింది. ఆవిడ నావైపు చూడలేదు. ఆ ముక్కను తనవైపు తిప్పుకుని, వేళ్ళతో ఏదో పెకలించి, పిడికిట్లో మూసుకుంది. తర్వాత కాయను రెండు చెక్కలు చేసి, గింజలు తీసి, ఆస్పత్రిలో మాత్రలు కట్టినట్టు కాగితం పొట్లాలు కట్టింది. పేరుపేరునా పిలిచి ఇచ్చింది. నా పొట్లం ఆఖరున ఇచ్చింది. కొంచెం బరువుగా ఉంది.

ఇంటికొచ్చి విప్పాను. గింజ లేదు. ఒకవైపు పసుపు రంగు అంటుకున్న నా ముద్దే ఉంది.

మా ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది. "ఆ రోజు మనింట్లో లీకన్నది ఇదా?" అంది. ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే కప్పు పట్టుకుని నర్సక్క దగ్గరికి వెళ్ళాను. ఎండిన తీగలు పీకుతోంది.

"తప్పయిపోయిందక్కా. ఇది నీ దగ్గరే ఉంచు."

"నాకెందుకు? నా కాయ పగిలింది, నా పోటీ అప్పుడే అయిపోయింది. కప్పు ఎవరిదో నీకు తెలుసు."

"అక్కడే అందరి ముందూ చెప్పేస్తే పోయేదిగా."

"చెప్దామనే నోరు తెరిచాను" అంది తీగ లాగుతూ. "కాగితం మీద నా సంతకం కూడా ఉందని గుర్తొచ్చింది. చూడకుండా పెట్టిన సంతకం. పోటీవాళ్ళకు నా సంగతి నేను చెప్పుకుంటాను. నీ సంగతి నువ్వు చెప్పుకో."

నేను అక్కడే నిలబడితే, "వెళ్ళు. ఆయన తొమ్మిదింటికి బస్సెక్కేస్తాడు" అంది. తమ్ముడూ అనలేదు.

డ్రైవరు ఇల్లు నాలుగు వీధుల అవతల. వసారాలో బల్ల, బల్ల పక్కన ఓడిపోయిన కాయ, దానిమీద మా ఇంట్లో లాగే ఓ దుప్పటి. యూనిఫారం గుండీలు పెట్టుకుంటూ ఆయనే తలుపు తీశాడు.

"రండి రండి! గెలిచినవాళ్ళు గుమ్మంలో నిలబడితే ఎలా? కప్పు చూపిద్దామని తెచ్చారా? ఏమేవ్, ఇలా రా, దగ్గరగా చూద్దువుగాని!"

ఆయన భార్య తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి కప్పువైపు నవ్వుతూ చూశారు. నేను కప్పు బల్ల మీద పెట్టాను. జేబులోంచి ముద్ద తీసి దాని పక్కన పెట్టాను.

"ఇదేమిటండీ?" అంది ఆవిడ.

"మా కాయ పగుల్లోదండీ. నేనే పెట్టాను."

ఆవిడ అర్థం కాక భర్త వైపు చూసింది. ఆయనకు అర్థమైంది. ఆయన ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా పోవడం నేను నిలబడి చూశాను.