బోను లారీకి అడ్డంగా

ఎర్లాండ్‌కు నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రి గేటు దగ్గర కడుపు పట్టుకుని కూలబడితే, ఇమిగ్రేషన్ పోలీసులు రెక్కలు పట్టి లేపి, జనంతో కిక్కిరిసిన, ఇనుప కమ్మీల బోను లారీలోకి తోశారు.

"హైతీ వాళ్ల కాన్పులు సరిహద్దు అవతల హైతీలోనే," అన్నాడు ఆఫీసరు.

"నా చెల్లెలు ఈ దేశంలోనే, ఈ చెరకు తోటల్లోనే పుట్టింది సార్!" ఫిలోమెన్ గొంతు చించుకుంది. ఎవడూ వినలేదు. "ఆస్పత్రికొద్దక్కా, పట్టుకుపోతారు, ఇంట్లోనే కంటా" అని ఏడ్చినదాన్ని బలవంతాన తీసుకొచ్చింది తనే.

లారీ కదలగానే ఫిలోమెన్ ఒక మోటారుసైకిలు వాణ్ని బతిమాలి, అడ్డదారిన తోటలోని కూలీల ఇళ్ల లైన్లకు వచ్చిపడింది. సరిహద్దుకు పోయే లారీ ఆ లైన్ల ముందు నుంచే పోవాలి.

కోత ఆగింది. జనం మూగారు.

"పనిలోకి పదండి," మేస్త్రీ తోరిబియో అరిచాడు. "మీ జోలికి రారు. మీరు కంపెనీకి కావాలి."

"కొయ్యడానికి కావాలి, కనడానికి పనికిరామా?" ఎదురు తిరిగింది ఫిలోమెన్.

ముసలి సెర్విలియూస్ భయపడ్డాడు. "అడ్డంపోతే మనల్నీ ఎక్కిస్తారే తల్లీ. తలుపులేసుకుని కూర్చోండి."

"నీ కొడుకును లాక్కుపోయిన రోజూ తలుపులేసుకున్నాం బాబాయ్. మిగిలాడా?"

ఆడవాళ్లు చెరకు బండిని దారికడ్డంగా తోసి, దాని ముందు మట్టిలో కూర్చున్నారు.

లారీ ఆగింది. తుపాకీ మడమలు వీపుల మీద పడ్డాయి. ఒక్కరూ లేవలేదు. బోనులోంచి ఎర్లాండ్ కేకలు. "తలుపు తియ్యండిరా! చచ్చిపోతోంది!" అంటూ లోపలివాళ్లు ఇనుప కమ్మీలు బాదారు. ఎండ ముదిరింది. కేకలు సన్నగిల్లాయి. తర్వాత పసిబిడ్డ ఏడుపు.

అప్పుడు తీశాడు ఆఫీసరు తలుపు.

ఎర్లాండ్‌ను చెరకాకుల మీద పడుకోబెట్టారు. నెత్తురు ఆగలేదు. అక్క చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. పెదవులు కదిలాయి, అంతే.

"మీ మనిషిని ఇచ్చేశాం కదా," మొహం తిప్పుకున్నాడు ఆఫీసరు. "ఇక దారి వదలండి."

ఫిలోమెన్ చెల్లెలి కళ్లు మూసింది. పసిదాన్ని ఒక చంటిబిడ్డ తల్లి ఒడిలో పెట్టింది. లారీ వంక చూసింది. కమ్మీల వెనక మొహాలు. ఎవరివో, ఏ తోటవాళ్లో.

"లోపల ఇంకా మావాళ్లున్నారు," అంది. వెళ్లి చక్రం ముందు కూర్చుంది.

సెర్విలియూస్ వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. అతని వెనక మగవాళ్లంతా. దూరంగా సైన్యం జీపుల దుమ్ము లేస్తోంది. లారీకి అడ్డంగా ఉన్నవాళ్లు మరింత దగ్గరగా జరిగి కూర్చున్నారు.