ఆమె వైపు అంకెలు

కొత్త చెస్ గడియారం వచ్చిన రోజు దాన్ని సెట్ చేసే పని కూడా రెబెక్కాకే పడింది. "ఆఫీసుల నువ్వు చేసేది టెస్టింగే కద, జర చూడు," అని భర్త ఆరోన్ డబ్బా ఆమె చేతికిచ్చి సోఫాలో కూర్చున్నాడు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు పెట్టింది. ఎత్తు వేసి తన వైపు మీట నొక్కితే తన అంకెలు ఆగిపోతాయి, ఎదుటివాళ్ళవి తరగడం మొదలవుతుంది. ఎవరివి ముందు సున్నాకి వస్తే వాళ్ళు ఓడిపోయినట్టే.

చప్పుడు లేకుండా తరిగిపోయే ఆ అంకెల్ని చూస్తుంటే ఆమెకు బాపట్ల గుర్తొచ్చింది. నాన్న ఇస్సాకు అక్కడి మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. వేసవి సెలవుల్లో స్కూలు వాళ్ళ చెక్క చెస్ గడియారం ఇంటికి తెచ్చేవాడు. దానికి రెండు ముఖాలు, వెనక రెండు కీలు. కీ ఇచ్చే పని ఆమెది. వసారాలో చాప పరుచుకుని, మధ్యలో గిన్నెడు ముంజెలు పెట్టుకుని ఆడేవాళ్ళు. అమ్మ వంటింట్లోంచి "కుళాయి వచ్చిందే, బిందె పట్టు" అని కేకేస్తే ఆమె లేవబోయేది. నాన్న చెయ్యి అడ్డం పెట్టేవాడు. "కూర్చో తల్లీ. ఇప్పుడు నడిచేది నీ టైము. నింపాదిగా ఎత్తు వెయ్యి, నా టైములో నేను వెళ్ళి పడతాను." అన్నట్టే లుంగీ ఎగ్గట్టుకుని వెళ్ళేవాడు. వసారాలో ఆయన గడియారం టిక్కుటిక్కుమంటూ ఉండేది. అలా ఎన్ని ఆటలు ఓడిపోయాడో. లోకంలో మగవాళ్ళందరూ అలాగే చేస్తారు కాబోలనుకుంది పదమూడేళ్ళ రెబెక్కా.

నల్లగండ్లలోని ఈ ఫ్లాట్‌లో ఆట ఆదివారం పూట, చర్చి నుంచి వచ్చాక, వంట పొయ్యి మీద ఉండగా. సరిగ్గా అప్పుడే అత్తగారు ప్రిస్కిల్లా షుగర్ గోలీ ఏడ పెట్టినవు బిడ్డా అంటుంది. కూతురు రూబీకి స్కూలు టీషర్టు కనపడదు. రెబెక్కా లేచి వెళ్ళగానే ఆరోన్ ఎత్తు వేసి మీట నొక్కేవాడు. ఖాళీ కుర్చీ ముందు ఆమె నిమిషాలు కరిగిపోయేవి. "నేను వచ్చేదాకా ఆపొచ్చు కదండీ," అని ఒకసారి అడిగింది. "టోర్నమెంట్ల ఆపుతరా? రూల్ అంటే రూల్," అన్నాడు. ఎనిమిది ఆదివారాలు వరసగా ఓడిపోయింది, గెలిచే ఆటలతో సహా. లిఫ్టులో పక్కింటి సోమేశ్వరరావుగారితో ఆరోన్ నవ్వుతూ చెప్పాడు, "మా ఆమెకు ఆట మంచిగనే వస్తదండి, టైం మేనేజ్‌మెంటే రాదు."

ఆ మాట ఆమె అంతకుముందే విన్నది. నానక్‌రామ్‌గూడ ఆఫీసులో, మార్చిలో, మేనేజరు నోట. ఆరింటికే లేచి వెళ్ళిపోతుందట. వెళ్ళేది అత్తగారిని మోకాళ్ళ ఫిజియోథెరపీకి తీసుకెళ్ళడానికని, వంటయ్యాక మళ్ళీ లాప్‌టాప్ తెరుస్తుందని అతనికి తెలుసు. తెలిసీ ఏడాది అప్రైజల్లో అదే రాశాడు. తనకు టైం వాడుకోవడం రాదా, లేక తన టైం అందరూ వాడుకుంటున్నారా? లిఫ్టు అద్దంలో తన మొహం చూసుకుంటూ అనుకుంది. నాన్న వదిలేసిన నిమిషాలన్నీ తనకు ఇచ్చినవేనని అప్పుడు తట్టింది. ఆయన పోయి ఆరేళ్ళు. ఒక్కసారైనా ఆ మాట ఆయనతో అనలేదు.

తొమ్మిదో ఆదివారం ఆమెకు ఒక ఏనుగు ఎక్కువుంది. ఆమె వైపు నాలుగు నిమిషాలు. కుక్కర్ కూత పెట్టింది.

"రెబెక్కా, కుక్కర్," అన్నాడు ఆరోన్ తల ఎత్తకుండా.

కాళ్ళు వాటంతటవే లేచాయి. ఆమె వాటిని కూర్చోబెట్టింది. బల్లను చూసింది, ఇంకోసారి చూసింది. ఏనుగును అతని బంట్ల వరసలోకి దింపి మీట నొక్కింది.

"ఇప్పుడు మీ టైమండీ. మీరెళ్ళి ఆపండి."

"ఏంది, మజాకా?"

"కాదండీ."

ప్రిస్కిల్లా చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి కోడలి వంక కాసేపు చూసింది. తర్వాత కొడుకుతో అంది, "పోరా, మాడుతది."

ఆరోన్ వెళ్ళాడు. "ఎన్ని కూతలైనయి?" అని లోపల్నుంచి అడిగాడు.

"లెక్కపెట్టలేదండీ. ఆట చూస్తున్నా."

అంతలో నీళ్ళ క్యాన్ వచ్చింది. అతనే తలుపు తీసి, క్యాన్ ఎత్తిపెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి అతని వైపు ఒకటిన్నర నిమిషం మిగిలింది. "జర ఆపకపోయినవా," అనబోయి సగంలోనే మింగేశాడు. తొందరలో మంత్రిని పోగొట్టుకున్నాడు. ఇంకో మూడెత్తుల్లో ఆట అయిపోయింది.

"ఇంకోటి ఆడుదం. పదిహేను పెట్టు," అన్నాడు పావులు సర్దుతూ.

ఆమె గడియారం చేతిలోకి తీసుకుని కొత్త అంకెలు పెట్టింది.

"గంట పెట్టినవేంది? గంటసేపు ఏం చేస్తవు?"

"ఆలోచించుకుంటాను," అంది రెబెక్కా.