అబద్ధపు రేకు

చాక్‌పీసు రుద్దిన ఇత్తడి రేకు మీద సాయన్న పెన్సిలుతో రెండు గీతలు గీశాడు. ఒకటి అక్షరాల తలలకు, ఒకటి కాళ్ళకు. అరవై ఏళ్ళుగా ఏ రేకు చేతికొచ్చినా మొదటి పని అదే. గీతలు లేకుండా ఉలి పెడితే అక్షరాలు బడి విడిచిన పిల్లల్లా ఎటు పడితే అటు పోతాయని శ్యామ్‌సుందర్ సేటు అనేవాడు. సేటు పోయి ఇరవై ఏళ్ళయింది. అబిడ్స్ సందులో ఆయన పెట్టిన ఆటల బహుమతి కప్పుల దుకాణాన్ని ఇప్పుడు కొడుకు విజయేందర్ నడుపుతున్నాడు.

సాయన్న పొట్టి మనిషి. సుత్తె పట్టీ పట్టీ కుడి భుజం కాస్త కిందికి జారింది. చూపుడువేలు మొదటి కణుపు దగ్గర వంగిపోయి ఇక చాపినా తిన్నగా రాదు. గోళ్ళ అంచుల్లో ఇత్తడి పొడి ఇంకిపోయింది, ఎంత రుద్దినా రాదు. ముందు గదిలో అక్షరాలు చెక్కే మిషను వచ్చి ఎనిమిదేళ్ళు. అది వచ్చిన రోజే ముసలాయన్ని ఇంటికి పొమ్మనాల్సింది, కానీ విజయేందర్‌కు నోరు రాలేదు. అప్పటినుంచి సాయన్న వెనక మెట్టు దగ్గర కూర్చుని కప్పులు తుడుస్తాడు, మరలు బిగిస్తాడు, పాత పేపర్లలో చుట్టి ఇస్తాడు. ఇవాళ మిషను మొరాయించింది. మెకానిక్ రేపు గానీ రాడు.

"సాయన్నా, నీ అదృష్టం మంచిగుంది. ఒక ఆర్డరుంది, చేస్తవా?" అన్నాడు విజయేందర్.

ఆర్డరు తెచ్చింది మృదుల, సర్కారు బడిలో ఆటలు నేర్పే టీచరు. మెడలో ఈల, కాళ్ళకు దుమ్ముకొట్టుకున్న బూట్లు. ఆడపిల్లల ఫుట్‌బాల్ ఫైనల్, మధ్యాహ్నం రెండింటికి. ఆడేవి రెండు బడులు, అందుకని రెండు బడుల పేర్లతోనూ విన్నర్స్ రేకులు కావాలి. ఏది గెలిస్తే ఆ రేకు మైదానంలోనే కప్పుకు బిగిస్తారు.

"ఫుట్‌బాలా?" అన్నాడు సాయన్న.

"ఔ తాతా. ఎందుకు, ఆడపిల్లలు ఆడొద్దా?"

"అయ్యో, గట్ల కాదు బిడ్డా. ఈ ఆట పేరు చెక్కక జమానా అయింది. అన్నీ క్రికెట్ కప్పులేనాయె." రేకులు అందుకుని, కళ్ళద్దాల పైనుంచి ఆమెను చూశాడు. "ఒక్క మాట. ఓడినోళ్ళ రేకు మల్ల నాకు తెచ్చియ్యాలె. పొద్దుగూకక ముందే సుత్తె కింద పెట్టాలె."

"లేకుంటే ఏమైతది?"

"గెల్వని గెలుపు లోకంల ఉంటే, అసలు గెలుపు ఆ పేరు దిక్కు రాదు. మా పెద్ద సేటు మాట."

మృదుల నవ్వింది. సాయన్న నవ్వలేదు.

శ్యామ్‌సుందర్ సేటు ఈ నియమం విషయంలో మహా పట్టుదల మనిషి. ఫైనల్ అంటే రెండు రేకులు, అందులో ఒకటి అబద్ధం. దాన్ని తిరిగి తెప్పించేవాడు. ఇనప దిమ్మె దాగలి మీద బోర్లా పెట్టి, పేరు చదివే వీలు లేకుండా సాపు చేయించేవాడు. ఆ దెబ్బలు సాయన్నవి. పద్నాలుగేళ్ళప్పుడు పనిలో చేరి, ఉలి కంటే ముందు నేర్చుకున్నది అదే. ఎన్ని జట్ల గెలుపులు ఆ దాగలి మీద సాపైపోయాయో లెక్కలేదు.

ఒక్కటి తప్ప.

అది ఇప్పుడు కూడా అతని పనిముట్ల డబ్బాలో, అడుగున, పాత గుడ్డలో ఉంది.

అప్పట్లో ఈ ఊరికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. దేశం జట్టులో సగం మంది ఈ గల్లీల నుంచే పోయేవారు. అంతకు ముందు తరం ఉత్త కాళ్ళతో లండన్‌లో ఆడి వచ్చింది. తర్వాత మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం, జకార్తాలో బంగారం. స్వాతంత్ర్యం వచ్చి పదిహేనేళ్ళయిన దేశం, కడుపు నిండా తిండి లేని దేశం, ఒక తోలు బంతి వెనక పరుగెత్తి పదిమందిలో తలెత్తుకుంది. నాంపల్లి స్టేషను ఎదురుగా చాయ్ హోటల్లో రేడియో చుట్టూ మూగిన జనానికి దేశం అంటే జెండా కాదు, కవాతు కాదు. తమ గల్లీలో నిన్నటిదాకా కనిపించిన కుర్రాడు పరాయి దేశంలో తొడుక్కున్న చొక్కా.

అలాంటి చొక్కా తొడుక్కున్నవాడే అంజన్. సాయన్న వాళ్ళ పక్కింటివాడు, ఏడేళ్ళు పెద్ద. జకార్తా బంగారం తర్వాత కొన్నేళ్ళకు జట్టు మళ్ళీ పై దేశం పోయి ఫైనల్ చేరింది. నాంపల్లిలో అభిమాన సంఘమొకటి ముందే సన్మానం తలపెట్టి కప్పు ఆర్డరిచ్చింది. విన్నర్స్ రేకొకటి, రన్నర్స్ రేకొకటి. "మొదటిది నువ్వు చెక్కురా" అన్నాడు సేటు. పదహారేళ్ళ సాయన్న మొదటిసారి సొంతంగా చెక్కిన అక్షరాలు అవే. ఇండియా. విన్నర్స్. కింద సంవత్సరం.

చివరి నిమిషంలో, జోరు వానలో, అంజన్ కొట్టిన బంతి గోలు స్తంభానికి తగిలి బయటికి పోయింది. రేడియో దగ్గర ఒకాయన చాయ్ డబ్బులు ఇవ్వడం మరిచి వెళ్ళిపోయాడు, హోటలువాడు అడగనూ లేదు.

ఆ సాయంత్రం సేటు రేకు చేతికిచ్చి దాగలి చూపించాడు. సాయన్న సుత్తె ఎత్తాడు. దించలేకపోయాడు. ఊళ్ళో జట్ల పేర్లయితే వేరు. దేశం పేరు మీద సుత్తె ఎట్లా వేస్తాడు? పనికిరాని ఇంకో రేకు పెట్టి ధన్‌ధన్ మని కొట్టి, ఆ చప్పుడు సేటుకు వినిపించి, అసలుది లాగులో దాచుకున్నాడు.

అంజన్ తిరిగి వచ్చిన రోజు స్టేషన్లో దండ పట్టుకుని ఎవరూ నిలబడలేదు. భుజాన సంచీతో నేరుగా దుకాణానికి వచ్చి, ఈ మెట్టు మీదే కూర్చున్నాడు. "సాయిగా, ఆ రేకు సుత్తె కింద పెట్టినవా?"

"పెట్టిన అన్నా."

ఆ తర్వాతే అంజన్ మోకాలు పోయింది. ఆ తర్వాతే ఊళ్ళో జట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి, మైదానాలు కరిగిపోయాయి, దేశం ఫుట్‌బాల్ అంటే నవ్వులాట అయింది. కాకి వాలింది, తాటిపండు రాలింది అని ఎవరైనా అంటారు. సాయన్న అనుకోలేకపోయాడు. దేశమంతా ఎందుకిట్లా అయిందని పేపర్లవాళ్ళు రకరకాల కారణాలు రాస్తుంటే, అసలు కారణం తన డబ్బాలో ఉందని అతనికి తెలుసు. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది. లక్ష్మీనర్సమ్మకు కూడా చెప్పలేదు, యాభై ఏళ్ళు కాపురం చేసిన భార్యకు. ఇప్పుడు కొడదామా అంటే గడువు ఎప్పుడో దాటింది, పైగా చెయ్యి అప్పుడెట్లా లేవలేదో ఇప్పుడూ అట్లే.

లక్డీకాపూల్‌లో ఏదో ఆఫీసులో అటెండరుగా చేసి, అంజన్ పదిహేనేళ్ళ కింద దవాఖానలో పోయాడు. పోయాక వారం తిరక్కుండానే మెట్టు మీదికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, విజయేందర్ అన్నానికి పోయే వేళకు వస్తాడు. తడిసిన జెర్సీ, బూట్ల చుట్టూ నీళ్ళు. అడిగేది ఒక్కటే మాట. సాయన్న కూడా ఒక్కటే మాట చెబుతాడు.

ఇవాళ కూడా వచ్చాడు. మృదుల రేకులు రెండూ తీసుకుపోయిన తర్వాత, ఎండ మెట్టు మీదికి చేరినప్పుడు.

"సాయిగా, ఆ రేకు సుత్తె కింద పెట్టినవా?"

"పెట్టిన అన్నా" అన్నాడు సాయన్న, తల ఎత్తకుండా. ఎడమ చెయ్యి పొద్దుటినుంచీ తిమ్మిరిగా ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

అయిదు దాటాక మృదుల పరుగు పరుగున వచ్చింది. చేతిలో రేకు లేదు.

"తాతా, తిట్టొద్దు. ఓడిన పిల్లలు రేకు ఇస్తలేరు."

సాయన్న తుడుస్తున్న కప్పు కింద పెట్టాడు. "ఇస్తలేరంటే? ఏడుస్తున్నరా?"

"ఏడ్చేది ఎక్కడ? నవ్వుతున్నరు. వాళ్ళ గోల్‌కీపరు ఉంది చూడుర్రి, అక్షిత, గట్టి పిల్ల. మీ మాట చెప్పిన. చెప్తే, 'సుత్తె ఎందుకు మేడం, పేరు మాదే కదా, వచ్చే ఏడు పెట్టుకుంటం' అన్నది. రేకు మీద సంవత్సరం ఉంది కదే అంటే, అప్పటికప్పుడు రాయి తీసుకుని అంకెలు గీకుడు మొదలుపెట్టింది." ఆమె నవ్వు ఆపుకుని అతని మొహం చూసింది. "ఏమైంది తాతా? నీళ్ళు తాగుతరా?"

"ఏం కాలేదు. పో బిడ్డా. ఉంచుకోమను."

ఆమె వెళ్ళిపోయింది. సందు చివర అబిడ్స్ రోడ్డు హారన్లతో మోగిపోతోంది. విజయేందర్ తాళాలు తీసుకుని వచ్చి, "పోదమా?" అన్నాడు.

"జర అరగంట ఆగు చిన్న సేటూ. చిన్న పనుంది."

"పొద్దటి సంది మొహం వాడి ఉంది నీది. రేపు చెయ్యొచ్చు కదా?"

"రేపటికి ఉంచద్దు."

విజయేందర్ ముందు గదిలో ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. సాయన్న డబ్బా అడుగు నుంచి గుడ్డ మూట తీసి విప్పాడు. రేకు నల్లబడింది గానీ అక్షరాలు చెక్కుచెదరలేదు. పదహారేళ్ళ చెయ్యి, అందుకే కొంచెం లోతు ఎక్కువ. దాగలి మీద పెట్టి, సుత్తె అలవాటుగా చేతిలోకి తీసుకున్నాడు. మెట్టు మీద ఎవరో కూర్చున్నట్టయింది.

ఈ వేళకు అంజన్ ఎప్పుడూ రాలేదు. అతను అడగడానికి నోరు తెరిచేలోపే సాయన్న అందుకున్నాడు.

"పెట్టలేదన్నా. అప్పుడూ పెట్టలె. నీతోని ఇన్నేండ్లు అబద్ధమాడిన. దేశం పేరాయె, నాతోని కాలే."

సాయన్న సుత్తె పక్కన పెట్టి, గరుకు కాగితం చించి, వంగిన వేలికి చుట్టుకున్నాడు. రుద్దడం మొదలుపెట్టాడు. ఇత్తడి మెల్లగా అరిగింది. చాలాసేపటికి తలెత్తి చూస్తే మెట్టు మీద ఎవరూ లేరు. రాయి పొడిగా ఉంది.

ఆ సాయంత్రం అతను నాంపల్లి స్టేషను వెనక కిరాయి గదికి నడిచే పోయాడు. మంచం మీద కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు. "ఇయ్యాల పానం తేలికైంది నర్సవ్వా, జర చాయ్ పెట్టు" అన్నాడు. లక్ష్మీనర్సమ్మ చాయ్ వడబోసి తెచ్చేసరికి గోడకు ఆనుకుని ఉన్నాడు. చాయ్ చల్లారిన తర్వాత గానీ ఆమె కేక వెయ్యలేదు.

మూడో రోజు విజయేందర్ దుకాణం తెరిచి, వెనక మెట్టు దగ్గరికి వచ్చాడు. సుత్తె మేకుకు వేలాడుతోంది. ఉలి తుడిచి పెట్టి ఉంది. దాగలి మీద మెరుగుపెట్టిన పాత రేకు. ఇండియా, విన్నర్స్. కింద సంవత్సరం ఉండాల్సిన చోట ఇత్తడి నున్నగా అరిగిపోయి ఉంది, దాని మీద చాక్‌పీసు తెలుపు, ఆ తెలుపు మీద నాలుగు అంకెలకు సరిపడా పెన్సిలుతో గీసిన రెండు గీతలు.