మావయ్య కట్టిన ముడి

లిఫ్టులు బాగుచేసే మనిషికి తాడే ప్రాణం. పద్దెనిమిదేళ్లుగా అతను ఎత్తైన భవనాల పైకప్పు మీద, మోటారు గదుల్లో, గ్రీజు చేతులతో ఉక్కు తాళ్లను తడిమి చూస్తూ బతుకుతున్నాడు. ఎక్కడ ఒక్క పోగు తెగినా అతని వేలి కొసకు తెలిసిపోతుంది. "నేను బిగించింది జారడమంటూ ఉండదు" అని స్నేహితుల దగ్గర ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాడు. వాళ్లూ కాదనేవారు కాదు. ఆదివారాలు ఏటికి చేపలకు పోయినప్పుడు ముగ్గురి గాలాలకూ ముడులు వేసేది అతనే.

ఆ స్నేహితుల్లో ఒకడు బేకరీ నడిపేవాడు. అందరూ రొట్టెలాయన అంటారు. రెండో ఆయన కారు నడపడం నేర్పే మాస్టారు. మిగతా ఇద్దరికన్నా పదేళ్లు పెద్ద, ఏ మాటన్నా ఆయనదే చివరి మాట. ఏట్లో తిరిగే బాస్ చేపకు పాము చెవులని, ఒడ్డున అడుగు చప్పుడైతే చాలు రాయి కిందికి దూరి సాయంత్రం దాకా రాదని ఆయన సిద్ధాంతం. అందుకే ఆ జట్టులోకి ఇంతవరకూ ఒక్క పిల్లనీ రానివ్వలేదు.

"ఈ ఆదివారం మా మేనకోడల్ని తీసుకొస్తా" అని అతను ఫోన్లో చెప్పగానే మాస్టారు ఆరా మొదలుపెట్టారు.

"వయసెంత?"

"తొమ్మిది."

"మాట్లాడుతుందా?"

"మనిషి పిల్ల కదండీ మాస్టారూ, మాట్లాడదూ మరి!"

ఆ పిల్లకు బళ్లో వేరే పేరుంది గానీ ఇంట్లో మాత్రం మిరియం. చూడ్డానికి ఇంతే, కొరికితే తెలుస్తుంది. వాళ్లమ్మ, అంటే అతని అక్క, ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఆమెకు ఆదివారమూ డ్యూటీయే. అదే భవనంలో రెండంతస్తుల పైన ఉండే మేనమామ దగ్గరే ఆ రోజంతా మిరియానికి కాలక్షేపం.

ఏటికి తీసుకెళ్తానన్న రోజు నుంచి ఆ పిల్ల ముడి నేర్చుకుంటూనే ఉంది. గాలం కంట్లోంచి దారం దూర్చాలి, ఆరు చుట్లు చుట్టాలి, కొసను వెనక్కి తెచ్చి గాలం దగ్గర ఏర్పడిన ఉంగరంలోంచి తీయాలి, ఉమ్ముతో తడపాలి, అప్పుడు మెల్లగా బిగించాలి. తడపకపోతే ముడి సరిగ్గా కూర్చోదు. రెండు వారాలపాటు వంటింటి సొరుగు పిడికి ముడులు వేసింది. చివరికి వాళ్లమ్మ కత్తెర పట్టుకుంటే గానీ చెంచాల సొరుగు తెరుచుకోలేదు.

"ఒరేయ్, దీనికి నువ్వేం నేర్పావో గానీ నా వంటిల్లు కట్టేసిందిరా" అంది అక్క. తిట్టినట్టే ఉంది గానీ ఆమె కళ్లలో నవ్వు దాగలేదు.

ఆదివారం పొద్దున వాళ్లు ఏటి దగ్గరకు చేరేసరికి ఎండ ఇంకా ఏటి మీది వంతెన దిగలేదు. నీళ్లమీద పల్చగా పొగలా ఉంది. ఒడ్డున వాలిపోయిన పెద్ద చెట్టు మొదలొకటి సగం నీళ్లలో మునిగి ఉంది. దాని పక్కన చిన్న చేపలు గుంపులుగా పైకెగురుతున్నాయి. కింద నుంచి ఏదో తరుముతోందన్నమాట.

"వచ్చింది, బాస్ వచ్చింది" అని గొంతు తగ్గించి అన్నాడు రొట్టెలాయన.

"ఎవరి బాస్, అంకుల్?" అంది మిరియం.

"చేప పేరేనమ్మా. ఊరికే పెట్టలేదు ఆ పేరు. మనం రమ్మంటే రాదు, పొమ్మంటే పోదు. అచ్చం మా మావగారే."

మాస్టారు వేలు పెదాల మీద పెట్టుకున్నారు. అప్పటికే ఆయన గాలం నీళ్లలో పడిపోయింది. రొట్టెలాయన కూడా విసిరేశాడు. మిరియం బండ మీద కూర్చుని, నాలుక కొస బయటపెట్టి, రబ్బరు ఎర తగిలించే గాలానికి దారం దూరుస్తోంది. ఒక చుట్టు. రెండు చుట్లు. అవతల చేపలు ఎగురుతున్నాయి. మేనమామకు కాలు నిలవలేదు. స్నేహితుల ముందు తన పిల్ల మొదటి చేప పట్టాలని అతని తాపత్రయం.

"ఇలా ఇవ్వవే, నువ్వు చుట్టేలోపు అవి సముద్రానికి పోతాయి" అని లాక్కున్నాడు. చకచకా చుట్టి, లాగి, పళ్లతో కొస తెంపాడు.

"మావయ్యా, మూడు చుట్లే చుట్టావు. తడపలేదు కూడా."

"నాకు నేర్పుతున్నావా? నేను కట్టింది జారదులే. విసురు!"

పిల్ల లేచి, మణికట్టు ఒక్కసారి విదిలించి విసిరింది. ఎర పోయి సరిగ్గా చెట్టు మొదలు పక్కనే, నీడ మొదలయ్యే చోట పడింది. మాస్టారు తల తిప్పి చూశారు.

రెండోసారి విసిరినప్పుడు దారం పక్కకు కదిలింది. మిరియం ఒక్క క్షణం ఆగి గాలం కర్ర పైకి లేపింది. కర్ర విల్లులా వంగిపోయింది.

ఆ తర్వాత ఒడ్డున ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. "కర్ర ఎత్తు!" అని ఒకరు, "దారం వదులు, వదులు!" అని ఇంకొకరు. చేపకు పాము చెవులన్న మాస్టారే అందరికన్నా గట్టిగా అరుస్తున్నారు. చేప చెట్టు కొమ్మల కిందికి దూరబోయింది. పిల్ల నాలుగడుగులు పక్కకు పరిగెత్తి దాన్ని బయటికి మళ్లించింది. రొట్టెలాయన ఆత్రంగా కర్ర మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టుకోకండి అంకుల్! నేను పట్టుకోగలను!"

అతను నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేశాడు. అప్పుడు చేప నీళ్లలోంచి నిలువునా లేచింది. నోరు తెరుచుకుని, తల అటూ ఇటూ విదిలించింది. ఆకుపచ్చ వీపు మీద ఎండ తళుక్కుమంది. మూర పొడవు తక్కువ ఉండదు. మూడేళ్లుగా ఆ ముగ్గురిలో ఎవరూ అంతటిది పట్టలేదు. మేనమామ చేతివల పట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. ఇంకో రెండు బారలు. ఇంకొక్క బార. చేప అలిసి పక్కకు వాలింది.

అంతలో కర్ర టక్కున నిటారుగా నిలబడింది. చేప లేదు. నీళ్ల మీద సుడి ఒకటి తిరిగి సద్దుమణిగింది.

రొట్టెలాయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత మాస్టారు నెమ్మదిగా అన్నారు: "పర్లేదమ్మా. చిన్నపిల్లవి కదా, చివర్లో కంగారుపడి గట్టిగా లాగేశావు. పెద్దవాళ్లం, మాకూ అవుతుంటుంది."

మిరియం దారం చుట్టుకుంది. కొస చేతికొచ్చాక దాన్ని చూసింది. తలెత్తి నీళ్లలో నిలబడ్డ మేనమామను చూసింది. చటుక్కున గుప్పిట మూసేసింది.

"అవునంకుల్" అంది. "నేనే గట్టిగా లాగాను."

అతను ఆ గుప్పిటను చూశాడు. అందులో ఏముందో తెలుసుకోవడానికి తెరవక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు తాళ్లతో కాపురం చేసినవాడు. ఏమీ అనకపోతే ఎవరికీ తెలియదు. రొట్టెలాయన అప్పుడే ఫ్లాస్కు మూత తీస్తున్నాడు, కాఫీ పోస్తే మాట ఇంకో దారి పడుతుంది. తల దించుకుని కన్నీళ్లు ఆపుకుంటున్న ఆ చిన్న మొహం మాత్రం అతని కళ్ల ముందు నుంచి కదల్లేదు. బూట్ల నిండా నీళ్లతో ఒడ్డెక్కి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"చెయ్యి తెరువు."

"వద్దు మావయ్యా."

"తెరువమ్మా."

గుప్పిట విడింది. దారం కొస సొరపాదు నులితీగలా వంకీలు తిరిగి ఉంది. అతను దాన్ని పట్టుకుని స్నేహితులకు చూపించాడు.

"చూడండి మాస్టారూ. గట్టిగా లాగితే దారం తెగుతుంది. తెగితే కొస ఇలా మెలికలు తిరగదు. ఇది ముడి జారింది. ఆ ముడి నేను వేశాను. మూడు చుట్లే చుట్టావు, తడపలేదు అని ఈ పిల్ల నాకు చెప్పింది. నేను వినలేదు. పిల్ల తప్పు ఆవగింజంత కూడా లేదు."

మాస్టారు కళ్లజోడు తీసి ఆ కొసను దగ్గరగా పెట్టుకుని చూశారు. రొట్టెలాయన నోరు తెరిచి, ఏదో వేళాకోళం ఆడబోయి, మిరియం వైపు చూసి మానుకున్నాడు.

"మరి నీ మీదెందుకు వేసుకున్నావమ్మా?" అని అడిగారు మాస్టారు.

మిరియం చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంది. "మా టీచరు నన్ను అందరి ముందూ తిడితే నాకు బెంచీ కింద దాక్కోవాలనిపిస్తుంది. మీరు మావయ్య ఫ్రెండ్స్ కదా. ఇంటికెళ్లాక చెబుదామనుకున్నా." ఆగి, మేనమామ వైపు తిరిగి, "ఇంటికెళ్లాక మాత్రం గట్టిగానే చెప్పేదాన్ని" అంది.

రొట్టెలాయన ఇక ఆపుకోలేకపోయాడు. పడీ పడీ నవ్వాడు. మాస్టారూ నవ్వారు. మేనమామకు నవ్వు రాలేదు. తన పరువు కోసం ఆ పిల్ల తప్పు నెత్తినేసుకుందంటే, ఎత్తైన భవనాల మీద నిలబడి కిందికి చూసినా ఏనాడూ ఇంత ఎత్తులో ఉన్నట్టనిపించలేదు అతనికి.

కొత్త గాలం పిల్ల చేతిలో పెట్టాడు. "నువ్వే కట్టు. ఎంతసేపైనా పర్లేదు."

మూడు నిమిషాలు పట్టింది. ఆరు చుట్లు, కొస వెనక్కి, ఉమ్ము, మెల్లగా బిగింపు. ఆ మూడు నిమిషాలూ ముగ్గురు మగాళ్లూ గాలాలు ఒడ్డున పెట్టి నిలబడ్డారు. అలా ఆగమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అది పూర్తయ్యాక మాస్టారు తన కర్ర ముందుకు చాపారు.

"నాది కూడా ఓసారి చూడమ్మా. ఇదీ మీ మావయ్య వేసిందే."

పది గంటలకు మిరియం ఒక చేప పట్టింది. జానెడు కూడా లేదు. చేతులు తడుపుకుని, గాలం తీసి, నీళ్లలో రెండు చేతుల మధ్య కాసేపు పట్టుకుని వదిలేసింది. ముడి అలాగే ఉంది.

సాయంత్రం అక్క డ్యూటీ నుంచి వచ్చి, ఇంకా తెల్లకోటు విప్పకుండానే, "ఏం పట్టారే?" అంది.

"చిన్నదొకటి. వదిలేశాం. పెద్దది పోయింది."

"ఎలా పోయింది?"

మిరియం గ్లాసెడు నీళ్లు తాగుతూ కళ్లతోనే మేనమామను చూపించింది. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, మూడు చుట్ల దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. మర్నాడు మోటారు గదిలో తన కింద పనిచేసే వాళ్లకూ చెప్పాడు. ఆ తర్వాత ఎవరు చేపల ఊసెత్తినా చెబుతూనే ఉన్నాడు. ప్రతిసారీ ముందు తన తప్పే చెప్పేవాడు. అది వింటే గానీ ఆ పిల్ల ఎంతటిదో వాళ్లకు తెలియదు మరి.