బిగించిన కట్టు

మా అన్నయ్య పుస్తకాలకు అట్టలు వేసేవాడు. వీపు ఊడిపోయిన నిఘంటువులైనా, చెమ్మకు ఉబ్బిన ఆఫీసు రిజిస్టర్లయినా అతని చేతిలో పడితే పెళ్లికొడుకుల్లా తయారై వెళ్లేవి. అమ్మ పోయాక, బడి వదలగానే నన్ను షాపులోనే కూర్చోబెట్టుకునేవాడు. జిగురు వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ ఆకలేస్తుంది. ఆ రోజుల్లో నా అన్నం ఆ వాసనలోనే అయ్యేది మరి.

షాపులో ఒకటే చట్టం. జిగురు పూసిన పుస్తకాన్ని ప్రెస్సులో పెట్టి మర బిగించాక తెల్లారేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. తొందరపడి వదులు చేస్తే జన్మలో అతుక్కోదనేవాడు. ఒకసారి నేను ఆగలేక విప్పేస్తే, ఊడిన ఆ పుస్తకాన్ని నా చేతే మూడుసార్లు కుట్టించాడు. ఏడుస్తూనే కుట్టాను. పెద్దయ్యాక నేనూ అక్కడే పనిలో కుదురుకున్నాను.

యాభై ఐదో ఏట అతనికి గుండెనొప్పి వచ్చింది. అప్పటికే పన్నెండేళ్లుగా షుగర్. ఆ జబ్బును ఇంటి అల్లుడిలా చూసుకున్నాడు, అడిగిందల్లా పెట్టాడు. ఆసుపత్రిలో కుడి మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, మూసుకుపోతున్న చోట దారి చేశారు. మర్నాడు ఇంటికి పంపుతూ నర్సు, మణికట్టుకు గట్టిగా ఏమీ కట్టొద్దని, రక్తం వస్తే వేలితో కాసేపు అదిమి వెంటనే తీసుకురమ్మని చెప్పింది. నేను గంగిరెద్దులా తలూపాను.

సాయంత్రం పట్టీ మీద ఆవగింజంత రక్తం కనిపించింది. నర్సు మాట ఇద్దరికీ గుర్తుంది. కానీ బిగిస్తేనే ఏదైనా నిలుస్తుందన్నది ఇద్దరికీ ఒంట్లో జీర్ణించుకుపోయింది. అన్నయ్య చెయ్యి చాపాడు.

"కట్టు బుల్లీ. మన షాపు కట్టు కట్టు."

పుస్తకాల వీపుకు వాడే గుడ్డపట్టీ తెచ్చి నాలుగు చుట్లు చుట్టి, బలమంతా పెట్టి ముడేశాను. నొప్పిగా ఉందా అని అడిగితే లేదన్నాడు. నిజమే చెప్పాడు, షుగర్ వల్ల అతని వేళ్లకు ఏనాడో స్పర్శ తగ్గిపోయింది. తెల్లారి విప్పితే చెయ్యి పాలిపోయి చల్లగా ఉంది. రుద్దితే కాస్త వెచ్చబడింది. రక్తం ఆగింది కదా అని ఇద్దరం మురిసిపోయాం కూడా.

పది రోజుల తర్వాత డాక్టరమ్మ అతని మణికట్టు మీద వేళ్లు పెట్టి చాలాసేపు వెతికింది. నాడి లేదు. స్కాన్ తీసి, ఆ రక్తనాళం మూసుకుపోయిందని చెప్పింది. షుగర్ ఉన్నవాళ్ల నాళాలు ముందే సన్నబడి ఉంటాయట, ఎక్కువసేపు నొక్కిపెడితే రక్తం అక్కడే గడ్డకట్టేస్తుందట. ఇంటికెళ్లాక దీన్ని ఎవరైనా బిగించి కట్టారా అని అడిగింది. నేను తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను.

"నేనే కట్టుకున్నానండి," అన్నాడు అన్నయ్య.

ఎడమ చేత్తో ఒక్కరే ఎలా కట్టుకున్నారని ఆమె అడిగితే, పళ్లతో లాగానన్నాడు. ఆమె నావైపు ఒకసారి చూసి, మందులు రాసిచ్చింది.

నెలరోజులు మందులు వాడాం. రోజూ పొద్దున్నే అతను లేవకముందే ఆ మణికట్టు పట్టుకుని చూసేదాన్ని. నాడి తిరిగి రాలేదు. నెల తిరిగాక మళ్లీ చూపిస్తే, చిటికెన వేలి వైపు ఉన్న మరో నాళం చేతికి రక్తం అందిస్తోంది కాబట్టి చేతికి ముప్పు లేదని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. కానీ బరువైన పని చేస్తే ఆ చెయ్యి త్వరగా అలిసిపోతుందంది. దళసరి అట్ట కోయడానికి ఇక పనికిరాదని అన్నయ్యకు అర్థమైంది. తన కత్తిని ముప్పై ఏళ్లుగా ఎవరినీ తాకనివ్వని మనిషి, ఆ రోజే షాపుకు రాగానే నన్ను కోయమన్నాడు.

సాయంత్రం షాపు మూసి ఇంటికి వెళ్లే దారిలో నాకు ఏడుపు ఆగలేదు. కట్టింది నేనైతే నింద నువ్వెందుకు మోశావని నిలదీశాను.

"నీకు కట్టడం నేర్పిందెవరే?" అన్నాడు. "నేను ఆవిడకి అబద్ధం చెప్పలేదు. అది నేనే కట్టుకున్నాను."

ఆ తర్వాత తొమ్మిదేళ్లు అట్టలన్నీ నేనే కోశాను. అన్నయ్య పక్కనే కూర్చుని, వంకర పోతోంది, కళ్లు నెత్తికెక్కాయా అని తిడుతూనే ఉండేవాడు. ఒక్కోసారి విసుగొచ్చి కత్తి పడేసి బయటికి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు ఆ తిట్లు లేవు. కోతలన్నీ తిన్నగానే వస్తున్నాయి. నాకు ఒక్కటీ నచ్చడం లేదు.