దేవుడి గూట్లో ఒక్క గీత

నేను ఒక మలేరియా పరీక్ష కిట్టును. వేలెడంత ప్లాస్టిక్ ముక్కను. నా చదువు బహు చిన్నది. మలేరియా క్రిమి రక్తంలోకి వదిలే ఒకే ఒక్క పదార్థాన్ని గుర్తుపట్టగలను. అది కనబడితే రెండు గీతలు, లేకపోతే ఒక్క గీత. ఈ మాత్రానికే మనుషులు నన్ను వెండిరంగు కవరులో పెట్టి, కొండమీది ఊరిదాకా జీపులో మోసుకొచ్చారు. పెళ్లికూతురికైనా ఇంత మర్యాద జరగదు.

అలా ఆశా కార్యకర్త కాంతమ్మ సంచిలో చేరాను. ఒకప్పుడు ఎవరైనా జ్వరంతో వణికితే చాలు, ఆమె మాత్రలిచ్చేసేదట. ఇప్పుడు నేను ఔనంటేనే ఇవ్వాలని పైవాళ్ల ఆర్డరు. చూశారా నా పెత్తనం!

ఒక పొద్దున సుక్రి కూతురు బుద్రికి జ్వరమని కబురొచ్చింది. ఐదేళ్ల పిల్ల, దుప్పట్ల కింద గజగజ వణుకుతోంది. కాంతమ్మ వేలు పొడిచి ఒక చుక్క నా మీద వేసింది. ఇంకో చుక్క మందపాటి కాగితం మీద అద్దింది. అది పట్నంలో జన్యు పరిశోధన చేసేవాళ్లకట. ఎంత వెతికినా నాకు తెలిసిన పదార్థం కనబడలేదు. ఒక్క గీతే తేలింది.

"మలేరియా నేదు వొదినా. మామూలు జొరమే" అంది కాంతమ్మ.

సుక్రి ప్రాణం కుదుటపడింది. నన్ను అడిగి పుచ్చుకుని దేవుడి గూట్లో పెట్టుకుంది. నాకు భలే గర్వమేసింది, దాచడమెందుకు?

మర్నాటికి పిల్ల మాట తడబడింది. ఆసుపత్రికి మోసుకుపోదామన్నాడు తండ్రి. నాయనమ్మ నన్ను తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఒక్క గీతే గదేటి. కొండ దింపి పిల్లని అల్లాడించేస్తావేటి?"

అతను నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, ప్రయాణం మానుకున్నాడు. పోవయ్యా, పిల్లను తీసుకుని పో అని అరుద్దామంటే నాకు నోరేదీ?

ఆ మరునాడు కాంతమ్మ పరుగున వచ్చింది. పట్నం నుంచి ఫోను. అక్కడి యంత్రం కాగితం మీది చుక్కలో జన్యువులు చూసి గంటలో తేల్చేసిందట. ఆ కాగితం పట్నం చేరేసరికే రెండు రోజులు గడిచిపోయాయి. మలేరియానే. ఈ క్రిమిలో ఆ పదార్థాన్ని తయారుచేసే జన్యువే లేదట. నాలాంటివాటికి అది కనబడదట.

మాత్ర నోట్లో పెడితే పిల్ల మింగలేదు. డోలీ కట్టి, తల్లీ తండ్రీ కాంతమ్మా పిల్లను మోసుకుంటూ కొండ దిగారు.

సాయంత్రం పొరుగామె వచ్చి అడిగింది, పిల్లకి మలేరియా అంటున్నారేమిటని.

"పట్నపోళ్లు పిల్ల మొహం చూసి చెప్పారేటి? ఇది మా బుద్రి రగతం తాగి చెప్పింది" అంది నాయనమ్మ.

నన్ను మళ్లీ గూట్లో పెట్టి, దీపం వెలిగించి, దణ్ణం పెట్టింది. ఆ వెలుగులో నా గీత ఎర్రగా కనబడుతోంది. చెరుపుకోవడం నాకు చేతకాదు.